జూ నుంచి నల్లమలకు

హైదరాబాద్‌లో జంతువుల్ని చూడాలంటే ఒకప్పుడు నాంపల్లి బాగే ఆమ్‌కు, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లేవారు. నిజాం కాలపు జంతుశాల అక్కడే ఉండేది. మా నాయనమ్మ చిన్నతనంలో వాళ్ల నాయన భుజమెక్కి ఆ బోన్లు చూసిందట. "అటు మూడడుగులు, ఇటు మూడడుగులు, గంతే బిడ్డా వాటి బతుకు" అనేది.

1959లో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో కొత్త పార్కుకు పునాది పడింది. 1963 అక్టోబర్ 6న నెహ్రూ జూపార్క్ పేరుతో గేట్లు తెరిచారు. పాత జంతుశాల జీవాలు ఇక్కడికి చేరాయి. బోను ఊచలకు బదులు కందకాలు తవ్వి, చెట్లు పెంచి, జంతువు తిరిగేందుకు చోటిచ్చారు.

నేను బడిపంతులమ్మను. ఏటా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాను. వాళ్లంతా పులి దగ్గరికి పరుగెత్తుతారు. నేను మాత్రం వాళ్లకు మూషిక జింక కథ చెప్పందే బయటికి తీసుకురాను. దాని బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. పగలంతా పొదల్లో నక్కి ఉండి, రాత్రి రాలిన పండ్లు ఏరుకు తింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో చేర్చినా, మాంసం కోసం పెట్టే ఉచ్చులు ఆగలేదు.

2010లో జూపార్క్, అత్తాపూర్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు, కేంద్ర జూ ప్రాధికార సంస్థ కలిసి ఈ మూషిక జింకల సంతతిని పెంచే పని మొదలుపెట్టారు. చీమ చిటుక్కుమన్నా బెదిరిపోయే ప్రాణి కనుక సందర్శకుల సందడికి దూరంగా ఆవరణలు కట్టారు. ఈతకు సాధారణంగా ఒక్క పిల్లే. అయినా గుప్పెడు జంతువులతో మొదలైన మంద కొన్నేళ్లలోనే వంద దాటింది. 2017లో తొలి గుంపును నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి చేర్చారు. నేరుగా అడవిలో వదల్లేదు. కంచె వేసిన చోట ఉంచి, అక్కడి ఆకూ పండూ అలవాటు చేశారు.

నా దృష్టిలో ఆ జూపార్క్ చరిత్రలో ఇంతకు మించిన ఘనత లేదు. పట్టి తెచ్చిన జంతువును చూపించడం పాతకాలపు వేడుక. పెంచిన జంతువును అడవికి అప్పగించడమే జూకు అసలైన పని. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఏయే జంతువులున్నాయో చూపించి ఊరుకోకండి. ఇక్కణ్నుంచి అడవికి ఏవి వెళ్లాయో కూడా చెప్పండి.