భువనగిరి బండ మీద తొమ్మిదో తరగతి

కుడికాలు ఎక్కడ పెట్టాలో నీకు కనిపించడం లేదు.

మొహం రాతికి ఆనించి ఉన్నావు. పొద్దెక్కి ఎంతోసేపు కాలేదు, అప్పుడే చెంప చురుక్కుమంటోంది. చేతివేళ్లు పట్టుకున్న సందు వేలి కణుపంత లోతు కూడా లేదు. అరచేతులు చెమటకు జారుతున్నాయి. నడుముకు బిగించిన బెల్టు తొడల్ని కోస్తోంది. దాని ముందు కొక్కేనికి తగిలించిన తాడు నీ తల మీదుగా పైకి పోయి, గుట్ట అంచున ఎక్కడో మలుపు తిరిగి, మళ్లీ కిందికి దిగింది. ఆ రెండో కొస కోచ్ సార్ చేతిలో ఉంది.

“ఎక్కుతవా, దింపాల్నా?” కిందినుంచి కేక.

నోట మాట రావడం లేదు.

ఇది 2013. ఎక్కుతున్నది భువనగిరి కోట గుట్ట. గుట్టంతా కలిపి ఒకే ఒక్క బండ, కిందినుంచి చూస్తే ఐదు వందల అడుగుల పైమాటే. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దీని మీద కోట కట్టించాడని సోషల్ సార్ పాఠంలో చెప్పాడు. శత్రువు ఎక్కలేని చోటని ఎంచి మరీ కట్టించి ఉంటాడు. ఇప్పుడు దాన్ని సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఎక్కుతున్నారు, అదీ మెట్ల దారి వదిలేసి. శిక్షణకు ఎంపికైనవాళ్లు 110 మంది. అందులో నువ్వొకదానివి.

ఎడమ చెయ్యి వదలాలి. వదిలితేనే పై సందు అందుతుంది.

వదలాలా?

వదిలావు. కాలు జారింది. రాయి మోకాలిని గీరింది. పడ్డావు. ఒక్క జానెడు. తాడు బిగిసింది. బెల్టు నడుమును పట్టేసింది. గాల్లో ఉన్నావు. కింద సార్ వెనక్కి వాలి, రెండు చేతులా తాడు బిగించి, కదలకుండా నిలబడ్డాడు.

“నేను పట్టుకున్న. నువ్వు ఎక్కు.”

మళ్లీ కాలు పెట్టావు. ఈసారి ఆనింది.

పైకి చేరాక వెల్లకిలా పడిపోయావు. మోకాలి మీద రక్తం అప్పుడే ఎండిపోతోంది. పక్కన ఒక సన్నటి పిల్ల బూట్లు సర్దుకుంటోంది. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడీ కుటుంబం, తాడ్వాయి గురుకులంలో నీతోపాటే తొమ్మిదో తరగతి. పేరు మాలావత్ పూర్ణ. ఈ బండను మొదటిసారి చూసినప్పుడు తనకూ భయమేసింది.

లేచి దక్షిణానికి చూడు. చౌటుప్పల్ దాటాక, కంటికి ఆనని దూరంలో, రాచకొండ గుట్టల పక్కన సర్వేల్ అనే ఊరుంది. నువ్వు ఈ గుట్ట మీదికి రావడానికి మొదటి అడుగు అక్కడే పడింది. 1971 నవంబరు 23న తొలి గురుకుల పాఠశాల ఆ ఊళ్లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. భూమి ఇచ్చింది సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి. పల్లెటూరి పేద పిల్లవాణ్ని పరీక్ష పెట్టి తీసుకోవడం, తిండీ బట్టా పుస్తకం పక్కా అన్నీ బడే ఇవ్వడం, పది అయ్యేదాకా వదలకపోవడం. ఆలోచన అంతే. ఆ తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి. ఒకప్పుడు పదో తరగతి ఫలితాల రోజున పేపర్లో స్టేటు ర్యాంకుల పక్కన ఈ మూడు ఊళ్ల పేర్లే వెతికేవాళ్లు.

అదే పి.వి. 1985లో కేంద్రంలో విద్యాశాఖ చేపట్టాక దేశమంతటా నవోదయ విద్యాలయాలు వచ్చాయి.  ఇవాళ ఎక్కడో ఇనుము కరిగించే ఫ్యాక్టరీ కూలీ కొడుకు వాటి ప్రవేశ పరీక్ష రాస్తున్నాడంటే, వాడికి తెలియకపోయినా, సర్వేల్‌తో వాడికీ ఒక చుట్టరికం ఉంది.

ఇక నీ బడి సంగతి.

అయిదింటికి విజిల్. ఇంకా చీకటి. దుప్పటి మడిచి ట్రంకుపెట్టె మీద పెట్టు. పెట్టె తాళంచెవి మెడలో దారానికి వేలాడుతోందో లేదో తడుముకో, పోతే సబ్బూ పోతుంది, ఇంటినుంచి తెచ్చుకున్న మురుకులూ పోతాయి. గ్రౌండులో పరుగు. నల్లాల దగ్గర వరస. బకెట్ నిండేలోపు వెనకున్న అక్క గొణుగుతూనే ఉంటుంది. స్నానం, స్టడీ అవర్, స్టీలు ప్లేటు పట్టుకుని మళ్లీ వరస. కిచిడీ. అసెంబ్లీలో చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ, అందులో మొదటి మాటే నేనెవరికీ తక్కువ కాదని. మొదట్లో ఊరికే పెదాలు కదుపుతావు. రోజూ అంటుంటే ఏదో ఒక రోజు నీ గొంతే నీకు గట్టిగా వినబడుతుంది.

అమ్మానాన్నలు చూడ్డానికొచ్చే ఆదివారం మాత్రం పొద్దున్నుంచీ గేటు దగ్గరే నీ ప్రాణం. తండా నుంచి వచ్చిన యాడి, అంటే అమ్మ, కొంగుముడి విప్పి చిల్లర చేతిలో పెడుతుంది. కొందరి కోసం ఎవరూ రారు. వాళ్లు ఆ రోజు లైబ్రరీ గదిలో కనిపిస్తారు, పుస్తకం తిరగేసి పట్టుకుని.

ఇలాంటి బడికి గుట్టలెక్కే పిచ్చి ఎక్కడిదని అడుగుతావేమో. 2012లో ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ అనే ఐపీఎస్ అధికారి గురుకులాల సొసైటీకి కార్యదర్శిగా వచ్చాడు. చదువొక్కటే చాలదు, బిడియం వదలాలని ఆయన పట్టు. ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన శేఖర్‌బాబు బచినేపల్లి పిల్లలకు తాళ్లు కట్టడం నేర్పాడు. ఆ కలయిక వల్లే ఇప్పుడు నీ మోకాలు మండుతోంది.

110 మందిలోంచి 20 మంది డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు వెళ్తున్నారు. అక్కడినుంచి లడఖ్‌కు తొమ్మిదిమంది. చలికాలం, సున్నాకు ముప్పై అయిదు డిగ్రీలు కింద. చివరికి ఇద్దరు. ఒకరు పూర్ణ. ఇంకొకరు ఖమ్మం జిల్లాలో సైకిళ్లు బాగుచేసే ఆయన కొడుకు, ఆనంద్‌కుమార్.

జాబితాలో నీ పేరు లేదు. అయినా పద. తాడు మీద ఇంకొకరికి చోటుందనుకో.

2014 ఏప్రిల్. టిబెట్ వైపు బేస్‌క్యాంప్. నేపాల్ వైపు నుంచి ఎందుకు కాదంటే, అక్కడ పదహారేళ్లు నిండాలి. పూర్ణకు ఇంకా పధ్నాలుగు రాలేదు. ప్యాకెట్ తిండి వాసనకు కడుపులో తిప్పుతోంది. హాస్టల్లో తిట్టుకున్న పప్పన్నం ఇప్పుడు కలలోకొస్తోంది. నీళ్లు కావాలంటే మంచు కరిగించాలి. రాత్రిళ్లు గుడారం గుడ్డ కొట్టుకుంటూనే ఉంటుంది.

18వ తేదీ కబురొచ్చింది. కొండకు అవతలి వైపు, నేపాల్ దారిలో, మంచు చరియ విరిగిపడింది. పదహారు మంది చనిపోయారు. అందరూ కొండదారి తెలిసినవాళ్లే, బరువులు మోసే షెర్పాలు, ఇతర కొండ పనివాళ్లు.

గుడారంలో ఎవరూ మాట్లాడడం లేదు.

తిరిగి వెళ్లిపోవచ్చు. ఒక్కరూ తప్పుపట్టరు. ఇంటి దగ్గర ఈపాటికి టీవీలో చూసే ఉంటారు. ఎండాకాలం సెలవుల్లో తండాకు పోయి, చింతచెట్టు కింద మంచమేసుకుని పడుకోవచ్చు. పదో తరగతికి ఎలాగూ చదవాల్సింది చాలా ఉంది.

నువ్వైతే ఏమంటావు?

పూర్ణ, ఆనంద్ ఉంటామన్నారు.

మే 24 రాత్రి. 8,300 మీటర్లు. ఆఖరి క్యాంప్. బూట్ల కింద ఇనుప ముళ్లు బిగించు. వేళ్లు వంగడం లేదు. మళ్లీ బిగించు. మొహానికి ఆక్సిజన్ మాస్కు. మనూళ్లో పీల్చే గాలిలో ఉన్న ప్రాణవాయువులో ఇక్కడ దొరికేది దాదాపు మూడో వంతే. ఒక అడుగు. ఆగు. మూడు ఊపిర్లు. ఇంకో అడుగు.

తలకు కట్టుకున్న దీపం వెలుతురు రెండు గజాలు. దాని అవతల ఏముందో తెలియదు. తెలియకపోవడమే మేలు.

తాడు మారాలి. పాత తాడు కొక్కెం విప్పే ముందు కొత్త తాడుకు రెండో కొక్కెం తగిలించు. తగిలిందా? లాగి చూడు. ఇప్పుడు విప్పు. భువనగిరిలో నేర్పిన పాఠమే. అక్కడ మరిచిపోతే తిట్లు తినేదానివి. ఇక్కడ తిట్లు తినడానికి నువ్వే మిగలవు.

దారి పక్కన ఎవరో ఉన్నారు.

పడుకుని ఉన్నాడు. రంగు జాకెట్. బూట్లు. కదలడు.

ఎన్నేళ్ల నుంచి అలా ఉన్నాడో. ఇక్కడినుంచి మనిషిని కిందికి దించడం దాదాపు ఎవరి తరమూ కాదు, అందుకే చాలాసార్లు వదిలేస్తారు. దారిలో ఆరు శవాలు చూశానని పూర్ణ తర్వాత చెప్పింది.

చూపు తిప్పు. అడుగు వెయ్యి.

నిట్టనిలువు రాయి. దానికి నిచ్చెన. 1975లో చైనావాళ్లు ఇక్కడ నిచ్చెన బిగించారు, ఇప్పుడున్నది తర్వాత వేసిన కొత్తది. ఇనుప ముళ్లు మెట్టు మీద జారుతున్నాయి. పట్టుకో. వెనక వేల అడుగుల లోతు. పట్టుకో. పైకి.

అడుగు.

ఆగు.

అడుగు.

పైన ఇంక రాయి లేదు.

2014 మే 25, తెల్లవారింది. 8,848 మీటర్లు. పూర్ణకు పదమూడేళ్ల పదకొండు నెలలు. అప్పటికి ఈ శిఖరమెక్కిన ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది. వణికే చేతులతో మూట విప్పింది. జాతీయ జెండా. అంబేడ్కర్ బొమ్మ. ఇంకొక బొమ్మ కూడా ఉంది, దాన్ని చూసి ప్రపంచంలో చాలామంది ఎవరీయన అని అడిగి ఉంటారు. ఎస్.ఆర్. శంకరన్. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఐఏఎస్ అధికారి. వెట్టి విడిపించడం, దళిత గిరిజన పిల్లలకు హాస్టళ్లు, గురుకులాలు కట్టించడం ఆయన చేసిన పని. 2010లో చనిపోయాడు. ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన ఒక అధికారి బొమ్మ ఎవరెస్ట్ మీదికి చేరడం నాకు తెలిసి ఇదొక్కటే. అదీ ఆయన పెట్టించిన తరహా బడిలో చదివిన పిల్ల చేతుల్లో.

ఇక దిగాలి. కాళ్లు చెప్పిన మాట వినవు. చాలామంది పోయేది దిగేటప్పుడే. కొక్కెం తగిలించు. లాగి చూడు. దిగు.

కొండ ఎక్కిన రోజు పూర్ణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యార్థిని. ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 2న, తెలంగాణ వచ్చింది. ఆ తర్వాతి సంగతులు పేపర్లలో చదివే ఉంటావు: సన్మానాలు, 2017లో రాహుల్ బోస్ తీసిన సినిమా, 2022లో ఉత్తర అమెరికాలో దెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చెయ్యడం.

ఎవరెస్ట్ మీది ఆ ఫొటో అందరూ చూశారు. భువనగిరి బండ కింద వెనక్కి వాలి తాడు బిగించినవాళ్ల ఫొటో ఎవరూ అడగలేదు. ఆ పిల్లలు ధైర్యవంతులే, కాదనను. కానీ ఆ ధైర్యం ఊరికే రాలేదు. ప్రతి కొక్కేన్నీ ఎవరో ఒకరు రెండుసార్లు లాగి చూశారు. జారినప్పుడు ఒక్క జానెడు మించి పడనివ్వలేదు. ఆ జాగ్రత్త గుట్ట మీద ఉన్నంత బడి వంటగదిలో ఉండదు, నా ఫిర్యాదు అదే. 2024 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల అమ్మాయి ఒకరు కలుషితాహారం తిని జబ్బుపడి, హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ చనిపోయింది. ఏ శిఖరమూ ఎక్కలేదు. బడిలో పెట్టిన అన్నం తిన్నది.

మీ ఊరి దగ్గర గురుకులమో ఆశ్రమ పాఠశాలో ఉంటే ఒక ఆదివారం వెళ్లండి. బియ్యం బస్తా విప్పించి చూడండి, నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగండి, పిల్లలతోపాటు వరసలో నిలబడి ఒక ప్లేటు తినండి. మీ పాలేరు కూతురో పనిమనిషి కొడుకో నాలుగో తరగతి చదువుతుంటే, అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష దరఖాస్తు గడువు దాటకముందే మీరే కూర్చుని నింపిపెట్టండి.