నాలుగు సీసాలు, తొమ్మిది ప్రశ్నలు

మా ల్యాబులో మూత్రం సీసా బల్లమీద పెడుతూ మగవాళ్లు చెప్పే మాట ఒకటే: "వేడి చేసిందండీ." సబ్జా గింజలు, బార్లీ నీళ్లు అన్నీ అయ్యాకే వచ్చేవాళ్లు. కూర్చుంటే వృషణాలకూ ఆసనానికీ మధ్య పోటు వస్తోందన్న సంగతి మాత్రం గుచ్చి అడిగితే తప్ప బయటపడేది కాదు. అంత సిగ్గెందుకంటే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పోటుకు తరచూ కారణమయ్యే ప్రోస్టేట్ గ్రంథి వాపు అనగానే డాక్టర్లే సెగవ్యాధిని అనుమానించేవారు. 1940లలో పెన్సిలిన్‌కి సెగవ్యాధి లొంగింది గానీ, మగవాళ్ల నోరు మాత్రం పెగల్లేదు.

1968లో అమెరికాలో మియర్స్, స్టేమీ అనే ఇద్దరు డాక్టర్లు ప్రోస్టేట్ వాపును తేల్చడానికి నాలుగు సీసాల పరీక్ష పెట్టారు. మొదట వచ్చే 10 మిల్లీలీటర్లు ఒక సీసాలో; అది మూత్రనాళం సంగతి చెబుతుంది. మధ్యధార రెండో దాంట్లో, అది మూత్రాశయానిది. అక్కడ రోగి ఆపుకోవాలి. మొత్తం పోసేశాడా, పరీక్ష చెడ్డట్టే. అప్పుడు డాక్టరు ఆసనంలోంచి వేలితో గ్రంథిని నొక్కితే జారే చుక్కలు మూడోది, ఆ వెంటనే పోసిన 10 మిల్లీలీటర్లు నాలుగోది. చివరి రెంటిలో సూక్ష్మజీవులు బాగా ఎక్కువుంటే దోషం ప్రోస్టేట్‌దే. పుస్తకాల్లో దీనికున్న గౌరవం ఓపీలో ఎన్నడూ దక్కలేదు. ఒక్క మనిషికి సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్లు నాలుగు ఎవరు పెడతారు? 1997లో నికెల్ అనే కెనడా డాక్టరు దాన్ని నొక్కకముందు ఒకటి, నొక్కాక ఒకటిగా కుదించాడు.

తమాషా ఏమిటంటే, ఈ బాధతో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి సూక్ష్మజీవులే కనబడవు. అందుకే 1995లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఈ జబ్బును నాలుగు రకాలుగా విడదీసింది. మొదటిది ఉన్నట్టుండి వచ్చేది: వణుకుతో జ్వరం, మంట, ఒక్కోసారి మూత్రం బిగుసుకుపోవడం. అందులో గ్రంథిని గట్టిగా నొక్కకూడదు, సూక్ష్మజీవులు రక్తంలోకి ఎక్కుతాయి. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ రకాల్లోనే ఒకటైన దీర్ఘకాలపు నొప్పిని కొలవడానికి 1999లో తొమ్మిది ప్రశ్నల కాగితం వచ్చింది, మొత్తం 43 మార్కులు. పొత్తికడుపు కిందా, వృషణాల్లోనా, అంగం కొసనా? వీర్యం పడేటప్పుడు నొప్పా? పోసిన రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లాల్సొస్తోందా? మూత్రం ఇబ్బందులకు 10, నొప్పికి 21. నా అనుభవంలో ఆ లెక్క సబబే: మనవాళ్లు మూత్రం సంగతే చెప్పేవారు, పీడించేది నొప్పి. మిగతా 12 మార్కులు ఆ బాధ రోజువారీ బతుకును ఎంత చెడగొడుతోందన్న దానికి.