ముడుమాల్ నిలువురాళ్లు - ఎవరి చరిత్ర?

తెలుగువాళ్ల చరిత్ర చెప్పమంటే మనం శాసనంతో మొదలుపెడతాం. శాసనం ఉండాలంటే లిపి ఉండాలి, రాజు ఉండాలి, దానం పుచ్చుకునేవాడు ఉండాలి. బడిలో పాఠం చెప్పే నాకూ శాతవాహనులతో మొదలుపెట్టడమే చాలాకాలం అలవాటు. కాని ఈ నేల మీద అక్షరం పుట్టకముందే మనుషులు కలిసి చేసిన పని ఒకటి రాళ్ల రూపంలో నిలిచి ఉంది. దాన్ని చదవడం పురావస్తు శాస్త్రజ్ఞుల పని మాత్రమే కాదు, రచయితల పని కూడా.

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టే ప్రాంతంలో, ఒకప్పటి పాలమూరు జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో ముడుమాల్ ఉంది. అక్కడ సుమారు 80 ఎకరాల్లో, 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు 80 దాకా ఉన్నాయి. వాటితోపాటు వరుసలు తీర్చిన చిన్నరాళ్లు మూడు వేల వరకు ఉన్నాయి. వీటి వయసు 3,500 నుంచి 4,000 ఏళ్లని అంచనా. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు వీటిని పరిశీలించి, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనూ, సూర్యుడు దిశ మళ్లే రోజుల్లోనూ కొన్ని వరుసలు సూర్యోదయ, సూర్యాస్తమయాల దిక్కుకు సరిపోతున్నాయని చెప్పారు. ఒక రాతి మీద తొలిచిన గుంటల్లో సప్తర్షి మండలాన్ని గుర్తించారు.

ఈ పని ఎలా జరిగి ఉంటుంది? బండను విడదీయాలి, లాగాలి, గుంత తవ్వాలి, నిలబెట్టాలి. ఒక కుటుంబం వల్ల అయ్యేది కాదు. అన్ని చేతులు ఒకచోట చేరాలంటే, పనిచేసినన్నాళ్లూ వాళ్లకు పెట్టడానికి తిండి మిగలాలి. అంటే ఈ రాళ్ల వెనుక పశువుల మందలున్నాయి, పంటలున్నాయి, పనిని కూడగట్టిన ఒక కట్టుబాటు ఉంది. మంద తోలేవాడికీ విత్తనం వేసేవాడికీ రుతువు ఎప్పుడు మారుతుందన్నది బతుకు ప్రశ్న. ఆకాశాన్ని లెక్కించే తెలివి ఆ అవసరం నుంచి పుట్టింది, తపస్సు నుంచి కాదు. అలాగని ఆనాటి సమాజాన్ని మచ్చలేని సమానత్వంగా ఊహించుకోవడం కూడా పొరపాటే. రాయి లాగినవాడూ, లాగించినవాడూ ఒకడేనా అన్న ప్రశ్న మనం అడుగుతూనే ఉండాలి.

అయితే ఈ శ్రమకు దక్కిన పేర్లేమిటి? తెలంగాణలో చాలాచోట్ల బృహత్ శిలాయుగపు సమాధులను రాకాసిగుళ్లంటారు. కొన్నిచోట్ల పాండవగుళ్లంటారు. ఇంత బరువు ఎత్తింది రాక్షసుడో, పురాణవీరుడో అయి ఉండాలన్నమాట! పందొమ్మిదో శతాబ్దంలో సురపురం సంస్థానంలో పరిపాలన చూసిన మెడోస్ టేలర్ దక్కను రాతి కట్టడాలను శ్రద్ధగా పరిశీలించి రాశాడు. 1839లో ఒక థగ్గు ఒప్పుకోళ్లను నవలగా రాసినవాడూ ఇతడే. ఆ శ్రద్ధకు మనం రుణపడి ఉన్నాం. కాని వాటికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు కెల్టులు, డ్రూయిడ్లు, సిథియన్లు అంటూ అతని చూపు ఐరోపా వైపే వెళ్లింది. పురాణం ఈ శ్రమను దేవలోకానికి అప్పగిస్తే, వలస పాలకుడు దాన్ని పరదేశానికి అప్పగించాడు.

ముడుమాల్ ప్రజలు చెప్పుకునే కథ వేరు. శాపం తగిలి మనుషులే రాళ్లయ్యారని వాళ్లు చెబుతారు. హేతువాద దృష్టితో దీన్ని మూఢనమ్మకమని తోసిపారేయడం తేలిక. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. కాని జాగ్రత్తగా చూడండి. ఇన్ని కథనాల్లో ఆ రాళ్లలో మనుషులున్నారని చెప్పింది ఈ ఒక్క కథే. శాపాన్ని పక్కన పెడితే మిగిలేది చారిత్రక సత్యమే: మనుషుల బతుకే ఇక్కడ రాయిగా మారింది. ఒక రాతిని ఎల్లమ్మగా కొలిచే ఆచారం కూడా ఇక్కడ ఉంది. రాతికి మొక్కేవాళ్లు దాన్ని పెకిలించరు కదా! పుణె పరిసరాల్లో కోశాంబి కాలినడకన తిరిగి, గ్రామదేవతల స్థలాలకూ చరిత్రపూర్వ అవశేషాలకూ ఉన్న సంబంధాన్ని 1962 నాటి ‘మిత్ అండ్ రియాలిటీ’లో చర్చించాడు. ఆ పద్ధతి మనకిక్కడ పనికొస్తుంది.

2025 మార్చిలో ముడుమాల్ రాళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. కాని గుర్తింపు వెంట ఒక ప్రమాదం కూడా వస్తుంది. ‘మన పూర్వీకుల విజ్ఞానం’ అన్న ఒక్కమాట కింద మళ్లీ ఆ చేతులు కనుమరుగవుతాయి. నక్షత్రాలు చూసిన కళ్లను పొగుడుతాం, బండలు లాగిన భుజాలను మరుస్తాం. రాతికి కంచె వేస్తాం, ఆ రాతిని ఇన్ని తరాలు కథగా మోసిన ఊరివాళ్లను కంచెకు అవతల నిలబెడతాం.

రచయితలు చేయవలసిన పని ఇక్కడే ఉంది. కొలతలు శాస్త్రజ్ఞులు తీసుకుంటారు. ఆ ఊళ్లలో ముసలివాళ్ల నోట మిగిలిన పేర్లనూ, కథలనూ, మొక్కులనూ రాసిపెట్టేది ఎవరు? రాయి ఇంకొన్ని వేల ఏళ్లు నిలుస్తుందేమో, కథకు అంత ఆయుష్షు లేదు.