బావిగట్టున ఆయిలింజను

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఎత్తైన మెట్టసీమ. ఏడాది పొడవున పారు నది ఇచట లేదు. చెరువు నిండిన యేట వరి పండును. నిండని యేట రైతునకు బావియే దిక్కు. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడినపుడు మదనపల్లె తాలూకా కడప జిల్లానుండియు, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఉత్తర ఆర్కాటు జిల్లానుండియు వచ్చి యిందు చేరినవి. జిల్లాలు మారినను నీరు తోడు పద్ధతి మాత్రము తరతరములుగా ఒక్కటియే. అది కపిల.

రాతిని పగులగొట్టి త్రవ్విన వెడల్పాటి బావి, గట్టునుండి ఏటవాలుగా దిగు బాట, గిలక, మోకు, తోలుతొండము గల బాన, ఒక జత ఎద్దులు: ఇవి కపిలకు కావలసిన సాధనములు. ఎద్దులు బాట దిగినపుడు బాన పైకి వచ్చును. వెనుకకు నడచినపుడు బాన బావిలోనికి దిగును. తెల్లవారకముందే కపిల కట్టిన రైతు ఎండ ముదురువరకు తోలినను తడియు నేల కొద్దిపాటిదే. ఎద్దు అలసినచో నీరు ఆగిపోవును. దుక్కికిని నీటికిని అవే ఎద్దులు కావలసియుండుటచే సేద్యపు విస్తీర్ణమును ఎద్దుల సత్తువయే నిర్ణయించుచుండెను.

ఈ చిక్కును తీర్చుటకు యంత్రమును ఉపయోగింపవచ్చునని మద్రాసు రాజధానిలో ముందుగా ప్రయోగపూర్వకముగా చూపినవారిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ముఖ్యుడు. చెన్నపట్టణపు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా నుండిన ఈయన 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆయిలింజనుతో బావినీరు తోడు ప్రయోగములను సాగించెను. ఇంజను ఎంత బలమైనదైనను బావిలో ఊట లేనిచో ప్రయోజనము లేదు గనుక, పంపులు పెట్టుటతోపాటు బావి అడుగున బోరు వేయించు పనియు ప్రభుత్వము చేపట్టవలసివచ్చెను.

ఆనాటి ఆయిలింజనులలో హెచ్చువంతు నేడు మనము డీజిలు ఇంజను అని పిలుచునవి కావు. 1890లో ఇంగ్లండులో హెర్బర్టు అక్రాయిడ్ స్టూవర్టు పేటెంటు పొందిన పద్ధతిని అనుసరించి, గ్రాంథాములోని హారన్స్‌బీ కంపెనీ చేసిన ఇంజనులు అందు ప్రసిద్ధములు. వానికి తలవద్ద ఒక ఇనుపగుండు ఉండును. దానిని దీపముతో కాచి, బాగుగా వేడెక్కిన పిమ్మటనే ఇంజనును త్రిప్పవలెను.

జర్మనీ దేశస్థుడు రుడాల్ఫ్ డీజిల్ ఈ దీపమును తొలగించెను. గాలిని మిక్కిలిగా అదిమినచో అది తనంతట వేడెక్కును. ఆ వేడికే నూనె అంటుకొనును. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున పరీక్షింపబడిన ఆయన ఇంజను, నూనెలోని శక్తిలో నూటికి 26 పాళ్ళు పనిగా మార్చినది. నాటి ఆవిరియంత్రములు ఆ స్థాయికి చాల దూరముననుండెను. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. వేరుసెనగ పండించు మన సీమవారు గుర్తుంచుకొనదగిన విషయమిది.

డీజిల్ చేసిన తొలి ఇంజనులలో నూనెను లోనికి చిమ్మునది గాలియే. అందుకై ప్రత్యేకముగా గాలిని అదుము యంత్రము కూడ ఉండవలెను. అంత సరంజామా బావిగట్టునకు పనికిరాదు. నూనెను పంపుతోనే నేరుగా చిమ్ము పద్ధతి క్రమముగా బాగుపడి, 1927లో రాబర్టు బాష్ సంస్థ అట్టి పంపులను విరివిగా తయారుచేయుట ప్రారంభించినది. డీజిలు ఇంజను చిన్నదై రైతు అందుబాటులోనికి వచ్చుటకు ఇది ముఖ్యకారణము. ఇంగ్లండునుండి లిస్టరు, పెట్టరు, రస్టను ఇంజనులు వచ్చినవి. 1946లో పూనాలో కిర్లోస్కర్ ఆయిలింజనుల కంపెనీ వెలసినది. కుప్పమునుండి రైలులో పోదగిన బెంగుళూరులోనే 1951లో మైకో సంస్థ స్థాపితమై నూనెపంపులను, నాజిళ్ళను చేయసాగినది.

ఈ మార్పుతో గాలి పాత్ర తలక్రిందులైనది. మొదట నూనెను మోసిన గాలి, ఇపుడు నూనెగొట్టములో శత్రువైనది. నూనెను అదిమినను కుదించుకొనదు. కనుక పంపు పొడిచిన పోటు నాజిలువరకు చేరును. చదరపు అంగుళమునకు వేయి పౌనులు మించిన ఒత్తిడితో నాజిలు తెరచుకొని నూనెను పొగమంచువలె చిమ్మును. నడుమ గాలిబుడగ యున్నచో అది నలిగి మరల ఉబ్బును, అంతే. నాజిలు తెరచుకొనదు. రైతులు దీనినే ‘గాలి పట్టినది’ అందురు.

ఇంజనును ఆపుటలో జాగ్రత్త యందుకే. టాంకి కుళాయి మూసి, నూనె అయిపోయి దానంతట అది ఆగువరకు విడిచినచో గొట్టములలోనికి గాలి చేరును. తగిన పద్ధతి వేరు: ముందు బరువు తగ్గించి కొలదిసేపు తేలికగా తిరుగనిచ్చి, పంపుమీది మీటను లాగి నూనె పోకుండ చేయవలెను. చక్రములు పూర్తిగా నిలిచిన తరువాతనే కుళాయి మూయవలెను.

గాలి పట్టినచో ప్రైమింగు చేయవలెను. గుడ్డలో వడియగట్టిన నూనెతో టాంకి నింపి, ఫిల్టరుమీది మరను వదులు చేయవలెను. మొదట బుడగలతో నురుగు వచ్చును. బుడగలేని ధార రాగానే మర బిగింపవలెను. పంపువద్దను అట్లే చేయవలెను. పిదప నాజిలువద్ద గొట్టపు నట్టును సడలించి, పంపు మీటను చేతితో ఆడించి, అచటి గాలిని కూడ వెడలగొట్టి బిగింపవలెను. ఇక మీట ఆడించినపుడు నాజిలులో కిర్రుమను చప్పుడు వినబడినచో గాలి పోయినట్లే. ఆ తుంపర ఎదుట మాత్రము చేయి పెట్టరాదు; ఆ వేగమునకు నూనె చర్మమును దూసికొని లోనికి పోగలదు.

నీటిపంపునకును ఇదే నియమము. ఫుట్‌వాల్వునుండి పంపువరకు గొట్టమంతయు నీటితో నిండియుండవలెను. గాలి యున్నచో నీరు ఎక్కదు. పంపు నీటిని పీల్చు లోతు ఇంచుమించు 25 అడుగులు మాత్రమే. కనుక నీటిమట్టము దిగినకొలది ఇంజనును బావిలోనే అరుగుపైకి దింపిరి. పొగగొట్టమును గట్టుపైవరకు చేర్పనిచో ఆ పొగయే బావిలో నిండి, దిగినవాని ప్రాణము తీయగలదు. నీరు వెళ్ళిన లోతునకు పరుగెత్తుటలో ఉన్న అపాయమునకు ఇది మొదటి హెచ్చరిక.

తరువాత విద్యుచ్ఛక్తి వచ్చినది. నీరు అరుగునకును అందని లోతునకు పోయినపుడు బోరుబావులును, నీటిలోనే మునిగి పనిచేయు మోటార్లును వచ్చినవి. 2004లో ఆంధ్రప్రదేశమున సేద్యమునకు ఉచితవిద్యుత్తు లభించినది. రైతు శ్రమ తగ్గినది. మల్బరీ, టమాటా తోటలు పెరిగినవి. ఈ మేలును కాదనరాదు.

అయినను ఆయిలింజను కాలపు రైతు బావి ప్రక్కనే నిలిచి యుండెడివాడు. నూనెను డబ్బిచ్చి కొలిచి తెచ్చుకొనెడివాడు. బావి అడుగు కనబడి, ఫుట్‌వాల్వు గాలి పీల్చి, ఇంజను స్వరము మారగానే మీట లాగెడివాడు. ఊట మరల ఊరువరకు వేచియుండెడివాడు. బోరులోని నీరు కంటికి కనబడదు. మీట నొక్కిన మోటారు స్వరము చెవికి అందదు. అందుచేత నీరెంత మిగిలినదో కొలిచి తెలిసికొనవలసిన బాధ్యత నేడు పెరిగినది. యంత్రమును నడుపుట నేర్చినవారు దానిని ఎప్పుడు ఆపవలెనో కూడ నేర్వవలెనను పాఠమును ఈ మెట్టసీమకు ఆయిలింజను ఏనాడో చెప్పినది.