తొట్టి, మోకు, మోటారుసైకిలు

కహోన్ కనుమ దాటి మొహావీ ఎడారిలోకి దిగే పదిహేనో నెంబరు రహదారి మీద శనివారం ఉదయం ప్రయాణించినవారికి ఒక దృశ్యం సుపరిచితం. పికప్ ట్రక్కుల తొట్లలో మోటారుసైకిళ్ళు నిటారుగా, గుర్రాల్లా తలలెత్తుకుని నిలబడి పోతూంటాయి. వాటిని నిలబెట్టేవి వేలెడు వెడల్పున్న రెండు పట్టీలు మాత్రమే. వెనక కారులో కూర్చుని చాలాకాలం వాటిని చూశాక, ఈ కట్టే విద్య ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలన్న కోరిక నాకు కలిగింది. తెలుసుకున్నది మిత్రులతో పంచుకోవడానికే ఈ టపా.

కథ 1925లో మొదలవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టీ కారుకు వెనుక ఒక చిన్న తొట్టి తగిలించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. తొట్టి పొడవు 56 అంగుళాలు, అంటే 142 సెంటీమీటర్లు. పక్కగోడలకు గుంజలు నిలుపుకునేందుకు నాలుగు గూళ్ళు అమర్చారు. రైతు తన ధాన్యపు బస్తాలకో పాలక్యానులకో తగినట్టు వాడుకోవాలన్నది ఉద్దేశం. మోటారుసైకిలు ఊసే అందులో లేదు. అయినా ఆ గుంజల గూళ్ళే తరువాతి కాలంలో పట్టీల కొక్కేలకు ఆధారమయ్యాయి.

కొండల్లో గుట్టల్లో మోటారుసైకిళ్ళ పందెం ఇంగ్లండులో, 1924లో కాంబర్లీ దగ్గర జరిగిన పోటీతో పేరుకెక్కింది. అమెరికా ఎడారి పందేల తొలితరం వీరులకు మోసుకుపోయే బాధ లేదు. వారాంతాన తమ బండినే నడుపుకుంటూ వచ్చి, దీపాలు విప్పేసి, పందెం ఆడి, మళ్ళీ దీపాలు బిగించుకుని ఇంటికి పోయేవారు. 1966లో ఎడిసన్ డై అనే దిగుమతిదారు స్వీడను నుంచి టోర్‌స్టెన్ హాల్‌మన్‌ను రప్పించి హస్క్‌వార్నా బండి మీద ప్రదర్శనలిప్పించాక పరిస్థితి మారింది. తేలికైన ఆ రెండు స్ట్రోకుల బండ్లకు దీపాలుండవు, నెంబరు పలక ఉండదు. రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకోదు. మట్టికోసం పుట్టిన బండి మట్టిదాకా నడిచిపోలేదు! ఎవరో ఒకరు మోయాలి. మోసే భారం వ్యానులతో పాటు పికప్పుల మీద పడింది.

మోయవలసిన బండ్ల సంఖ్య ఎంత వేగంగా పెరిగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బార్‌స్టో నుంచి లాస్ వేగాస్ దాకా సాగే ఎడారి పందెం 1967లో మొదలైంది. 1971లో బ్రూస్ బ్రౌన్ తీసిన 'ఆన్ ఎనీ సండే' చిత్రం ఈ క్రీడను ఇంటింటికీ చేర్చింది. 1974 నాటికి ఆ పందెంలో సుమారు 3000 మంది పాల్గొన్నారు. ఎడారికి కలుగుతున్న నష్టం చూసి 1975లో ప్రభుత్వ భూయాజమాన్య సంస్థ అనుమతి నిరాకరించింది.

అసలు మలుపు మరొకటి. బెల్జియం ఇంజనీరు ల్యూసియన్ టిల్కెన్స్ వెనుక చక్రానికి ఒకే స్ప్రింగు అమర్చే పద్ధతి కనిపెట్టగా, యమహా దాన్ని స్వీకరించింది. దానితో హాకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. అంతవరకూ నాలుగంగుళాలు మాత్రమే ఆడే వెనుక చక్రం, 1980ల ఆరంభానికి పన్నెండంగుళాల దాకా ఆడసాగింది. ముందు ఫోర్కు కూడా దానితో పోటీపడింది. గాలిలోకెగిరి పడ్డ మనిషి నడుమును ఈ మెత్తదనం కాపాడింది. తాడు కట్టేవాడికి మాత్రం కొత్త చిక్కు తెచ్చింది.

గడ్డిబండి తోలినవారికి ఈ చిక్కు వెంటనే బోధపడుతుంది. దారిలో గడ్డి అణిగేకొద్దీ మోకు వదులవుతుంది. ఇక్కడా అంతే. హ్యాండిల్‌కు రెండు వైపులా పట్టీలు వేసి, కిందికీ ముందుకీ లాగి, ముందుచక్రాన్ని తొట్టి గోడకు ఆనించి ఫోర్కును కొంత అణిచి కడతారు. నొక్కుడుపడ్డ స్ప్రింగు పైకి తన్నుతూ పట్టీని బిగువుగా ఉంచుతుంది. కానీ పెద్ద గుంత తగిలితే ఫోర్కు ఇంకా అణుగుతుంది, పట్టీ క్షణకాలం వదులవుతుంది, నోరు తెరిచిన కొక్కెం జారిపోతుంది. అందుకే నోటికి మూతవుండే కొక్కేలు. అందుకే చక్రానికీ పైనున్న మడ్‌గార్డుకూ నడుమ దూర్చే దిమ్మ. అందుకే వెనుక చక్రం ఎగిరి పక్కకు జరగకుండా మూడో పట్టీ.

"బాబాయ్, ఎంత బిగిస్తే అంత మంచిది కదా?" అని మా అన్నయ్యగారి అబ్బాయి అడిగాడు. కాదు. రాచెట్‌తో అతిగా బిగిస్తే ఫోర్కులోని సీళ్ళ మీద భారం పడి నూనె కారవచ్చు. మూడోవంతు నుంచి సగం దాకా అణిగితే చాలు. పది మైళ్ళు పోయాక ఆగి మళ్ళీ చూసుకోవాలి. ఎక్కించేటప్పుడు ర్యాంపును కూడా ట్రక్కుకు పట్టీతో కట్టాలి, లేకపోతే చక్రం తోపుకు అది వెనక్కి జారి మనిషినీ బండినీ కలిపి కింద పడేస్తుంది.

ఇంతలో ట్రక్కు కూడా మారింది. ఎనిమిదడుగుల తొట్టిలో, అంటే 244 సెంటీమీటర్లలో, దాదాపు 218 సెంటీమీటర్ల బండి తలుపు మూసినా పట్టేది. కుటుంబమంతా కూర్చునే నాలుగు తలుపుల ట్రక్కులు వచ్చాక తొట్టి కుంచించుకుపోయింది. 2001 మోడల్ ఫోర్డు సూపర్‌క్రూలో అది అయిదున్నర అడుగులే. లెక్క వేసి చూశాను. ముందుచక్రం గోడకు ఆనితే, వెనుక చక్రం నేలను తాకే చోటు గోడనుంచి సుమారు 183 సెంటీమీటర్లు. తొట్టి పొడవు 168. అంటే వెనుక చక్రం తెరిచిన తలుపు మీద నిలబడుతుంది, ఆ భారాన్ని రెండు సన్నని తీగలు మోస్తాయి. కొందరు బండిని ఏటవాలుగా నిలుపుతారు. 1925 నాటి పొట్టితొట్టి వైపే మనం తిరిగి నడుస్తున్నామనిపిస్తుంది.

వాణిజ్య లారీలకు 2004 నుంచి అమలైన సమాఖ్య నియమాల ప్రకారం, కట్టు ముందువైపు సరుకు బరువులో పదింట ఎనిమిది వంతులకూ, పక్కలకు సగానికీ సమానమైన తోపును తట్టుకోవాలి. సొంత పికప్పు నడిపేవారి కోసం రాసినవి కావవి, కానీ భౌతికశాస్త్రానికి ఆ తేడా తెలియదు. 110 కిలోల బండి బ్రేకు పడితే 88 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. పట్టీ తెగితే, పడే బండి దాని యజమాని మీద పడదు. వెనక వస్తున్న, ఈ పందేలతో ఏ సంబంధమూ లేని సంసారి కారు ముందు పడుతుంది. ఆ కారుల్లో ఒకదానిలో నేనూ, మీలో కొందరూ ఉంటాం. కనుక ఈ చరిత్ర మనది కాదనుకోవడానికి వీలులేదు.

ఎగిరే ఆనందం కోసం స్ప్రింగును పొడిగించినవారిని చరిత్ర పేరుపేరునా గుర్తుపెట్టుకుంది. ఆ దిమ్మను మొదట దూర్చినవాడి పేరు మాత్రం నాకెక్కడా దొరకలేదు. మీలో ఎవరికైనా తారసపడితే తెలియజేయ ప్రార్థన.