తోలు కప్పుకున్న పెయ్య

పొద్దున్నే వాన మొదలైంది. 2019 మార్చి 13, బుధవారం. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రపు పడమటి దిక్కున పశువులు పెంచేవాళ్లకు మార్చి వాన అంటే గుండెలో రాయి పడ్డట్టే. పొడిమంచు రాలితే లేగదూడ వీపు దులుపుకుని తల్లి పక్కన ఒదుగుతుంది. అదే వానకు బొచ్చు తడిసి, ఆ తడి మీద మంచుగాలి కొట్టిందంటే గంటా రెండు గంటల్లో కొయ్యబారిపోతుంది.

సాయంత్రానికి వాన మంచైంది. గాలి గంటకు 90 కిలోమీటర్లు దాటింది. దీన్ని 'బాంబ్ సైక్లోన్' అన్నారు. ఒక్క రోజులో గాలి పీడనం 24 మిల్లీబార్లో అంతకు మించో పడిపోతే పెట్టే పేరది. తెల్లారేసరికి ఆ రాష్ట్రం ఒక కొసన మంచులో, మరో కొసన వరదలో ఉంది. నయోబ్రారా నది మీద స్పెన్సర్ ఆనకట్ట 14వ తేదీ వేకువన మంచుగడ్డల తాకిడికి తెగిపోయింది. అది పేపర్లలో వచ్చింది. కొట్టాల్లో జరిగిందంతా రాలేదు.

ఇక్కడ కనిపించే భార్యాభర్తలు ఒక జంట కాదు. ఈతల కాలంలో అలాంటి రాత్రుళ్లు మేలుకునే ఎందరినో కలిపి అల్లిన ఇద్దరు. అందుకే పేర్లు పెట్టలేదు.

అప్పటికి నెబ్రాస్కాలో జనం 19 లక్షలు, పశువులు 60 లక్షల పైమాటే. మన ఇళ్లలో ఒక ఆవు ఈనితే ఇల్లంతా మేలుకుంటుంది, మర్నాడు జున్ను పక్కింటికీ వెళ్తుంది. వీళ్లకున్నవి మూడొందల చూడి ఆవులు. రెండు నెలల్లో అన్నీ ఈనాలి. పాత ఆవులు బయట గడ్డిబీట్లోనే ఈనుతాయి. తొలిచూలువి మాత్రం కొట్టం దగ్గర ఉంటాయి. రాత్రి మూడు గంటలకోసారి లైటు పట్టుకుని చూసి రావాలి. కెనడాలోని మానిటోబాలో గస్ కొనెఫాల్ అనే రైతు 1970లలో ఒక చిట్కా కనిపెట్టాడు. పొద్దు వాలాక మేత వేస్తే ఎక్కువ ఆవులు పగలే ఈనుతాయి. ఇప్పుడు చాలామంది అదే చేస్తారు. వీళ్లూ చేశారు. కానీ తుపానొస్తే ఈతలు ముంచుకొస్తాయని అక్కడి వాళ్ల నమ్మకం. శాస్త్రం ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, ఆ రాత్రి కొట్టంలో చోటు చాల్లేదు.

పదకొండు దాటింది. ఆయన ట్రాక్టరేసుకుని బీట్లోకి వెళ్లాడు. కొట్టంలో ఆవిడ ఒక్కతే. చెవి బిళ్ళ మీద 118 అని ఉన్న నల్లావు, ఇప్పటికి అయిదు ఈతలు ఈనింది, గంట నుంచి ముక్కుతోంది. నీటిసంచి పగిలింది. రెండు గిట్టలు కనిపించాయి. ఒకదాని అరికాలు కిందికి, రెండోదానిది పైకి.

ఆవిడ ఆగిపోయింది. దూడ సవ్యంగా వస్తే ముందుకాళ్లు రెండూ, వాటి మీద ఆనించిన ముట్టె వస్తాయి. గిట్టల అరికాళ్లు నేలను చూస్తాయి. ఆకాశాన్ని చూస్తే చాలావరకు వెనకకాళ్లే. ఒకటి కిందికీ ఒకటి పైకీ చూస్తున్నాయంటే?

మోచేతి దాకా సబ్బు రాసుకుని చెయ్యి పెట్టింది. ముందుకాలైతే గిట్ట పైనున్న రెండు కీళ్లూ ఒకే వైపు మడుస్తాయి. వెనకకాలైతే రెండో కీలు ఎదురు మడుస్తుంది. ఒక కాలు పట్టుకుని భుజం దాకా తడిమింది. రెండోదాన్ని తడిమితే తొడ తగిలింది. రెండు కాళ్లు, రెండు దూడలు. తొందరపడి రెండు కాళ్లకూ గొలుసులు తగిలించి లాగి ఉంటే ముగ్గురూ పోయేవాళ్లు.

తొడ ఉన్నదాన్ని నెమ్మదిగా లోపలికి నెట్టింది. ఆవు ముక్కినప్పుడు ఆగడం, సడలించినప్పుడు నెట్టడం. చెయ్యి తిమ్మిరెక్కి ఎవరి చెయ్యో అయిపోయింది. మొదటిదానికి మిగిలిన కాలు వెతికి ముందుకు తెచ్చి, గొలుసు తగిలించి, ఆవు నొప్పికి తోడుగా లాగింది. జారి పడింది. కోడెదూడ. ముక్కులో గడ్డిపరక తిప్పితే తుమ్మింది.

రెండోది తోకవైపు నుంచే రావాలి. అలా వచ్చేటప్పుడు నడుము దాటగానే బొడ్డుపేగు నలుగుతుంది, తల మాత్రం ఇంకా నీళ్లలోనే ఉంటుంది. అక్కణ్ణుంచి మెతకదనం పనికిరాదు. కాలు గోడకు తన్నిపెట్టి లాగింది. ఊపిరి లేదు. నోట్లో జిగురు తీసి, గడ్డిపరక తిప్పి, గోనెపట్టాతో పక్కటెముకలు రుద్దుతూనే ఉంది. ఎంతసేపో తెలియదు. చివరికి తుమ్మింది. తోక ఎత్తి చూసి ఆవిడ ఒక బూతుమాట అంది. పెయ్య.

కోడెతో కవలగా పుట్టిన పెయ్య, నూటికి తొంభై పైచిలుకు, గొడ్డే. గర్భంలో రెండు మాయల రక్తనాళాలూ కలిసిపోయి, కోడె నుంచి వచ్చే హార్మోన్లు పెయ్య అండాశయాలను ఎదగనివ్వవు. షికాగోలో ఫ్రాంక్ లిల్లీ 1916లో ఈ సంగతి వివరించాడు. అక్కడితో ఆగలేదు. విస్కాన్సిన్‌లో పాడి రైతు ఇంట పెరిగిన రే ఓవెన్ 1945లో కవల దూడల నెత్తురు పరీక్షిస్తే, ఒకదాని ఒంట్లో రెండోదాని రక్తకణాలు బతుకుతూ కనిపించాయి. తర్వాత ఇంగ్లండులో పీటర్ మెడవార్ బృందం కవల దూడల చర్మం ముక్కలు మార్చి అతికించింది. వేర్వేరు అండాల కవలలు కదా, ఒంటికి పట్టదనుకున్నారు. పట్టింది. పుట్టకముందే కలిసిన నెత్తురు, పక్కవాడి తోలును కూడా నాదే అనుకుంది. ఆ దారిలో సాగిన పరిశోధనకే మెడవార్‌కూ, ఇదే విషయం మీద పనిచేసిన బర్నెట్ అనే శాస్త్రవేత్తకూ 1960లో నోబెల్ వచ్చింది. ఈ రోజు మనిషికి మనిషి మూత్రపిండం ఇస్తున్నాడంటే ఆ కథలో కొట్టం వాసన కొంత ఉంది. ఓవెన్‌కు మాత్రం నోబెల్ రాలేదు. అది నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది.

118 తన కోడెను నాకడం మొదలుపెట్టింది. పెయ్య వైపు చూడలేదు. ఆవుకు రెండు దాకా లెక్క రాదని అక్కడి వాళ్లంటారు. ఒకదాన్ని నాకి, లేపి, వెంటబెట్టుకు పోతుంది. రెండోది గడ్డిలో మిగిలిపోతుంది.

తెల్లారుజామున ఆయన వచ్చాడు. ట్రాక్టర్ బకెట్లో చచ్చిన దూడ. వెనకే మంచు పేరుకుపోయిన మొహంతో 214 నంబరు ఆవు, బకెట్ వంకే మోర సాచి అరుస్తూ.

"ఇంకా ఎన్ని?" అంది ఆవిడ.

"వెలుతురొస్తే గానీ తెలీదు." అప్పుడు పెయ్యను చూశాడు. "కవలలా?"

"ఊఁ."

ఆయన జేబులో కత్తి తీశాడు.

మన ఊళ్లలో దూడ పోతే తోలులో ఎండుగడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టి పాలు పిండటం పాత తరం వాళ్లు చూసే ఉంటారు. వీళ్లు కూరేది గడ్డి కాదు, బతికున్న దూడను. చచ్చినదాని తోలు ఒలిచి, కాళ్ల దగ్గర కన్నాలు చేసి, చొక్కా తొడిగినట్టు పెయ్యకు తొడిగి తాళ్లు కట్టారు. తోకవైపు తోలు సరిగ్గా రావాలి, ఆవు ముందు వాసన చూసేది అక్కడే. ఆలస్యం చెయ్యడానికి లేదు. ఆవు మాయలోంచి దూడకు రోగనిరోధక శక్తి అందదు, ముర్రుపాలలోనే రావాలి. పుట్టిన కొద్ది గంటల్లో తాగితేనే బాగా ఒంటబడుతుంది, రోజు గడిస్తే పేగు ఆ తలుపు మూసేస్తుంది. 214 పొదుగు నిండా ముర్రుపాలు, తాగేవాళ్లు లేరు.

చిన్న గదిలో ఇద్దర్నీ వదిలారు. 214 ఒకసారి తలతో నెట్టింది. పెయ్య పడింది, లేచింది. తోలు బరువుకు తూలుతూ వెనక్కి పొదుగు కిందికి దూరింది. ఆవు మెడ తిప్పి తోక మొదట్లో వాసన చూసింది. మళ్లీ చూసింది. గొంతులోంచి చిన్నగా, దూడతో మాత్రమే చేసే శబ్దం ఒకటి వచ్చింది. ఆవిడ తలుపు సందు నుంచి కదల్లేదు.

నాలుగో రోజు తోలు కంపు కొడుతుంటే తాళ్లు కోసేశారు. 214 కొత్త వీపును రెండుసార్లు మూచూసి నాకింది. అప్పటికి దూడ ఒంట్లో దాని పాల వాసనే ఉంది.

శరత్కాలంలో లారీ వస్తుంది. పెయ్య గొడ్డని తేలితే మందలో మిగలదు, వధకు పెంచే కోడెలతో పాటు ఎక్కుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ కోటు జేబులోంచి ఈతల పుస్తకం తీసి, పెన్సిలు మొన తడిచేసుకుని, 118 ఎదురుగా ఒకటి వేసింది. 214 ఎదురుగా అంతకు ముందు కొట్టేసిన గీత పక్కన ఇంకొకటి వేసింది.