క్యూసెక్కుల లెక్క

మొన్న పాత సాటా హార్డ్‌డిస్క్ నుంచి ఫోటోలు దింపుతూ లెక్కేశాను. దాని వేగం సెకనుకి 1.5 గిగాబిట్లు. 8తో భాగిస్తే 187.5 మెగాబైట్లు. కానీ సాటాలో ప్రతి 8 బిట్లూ 10గా మారి వెళ్తాయి, అందుకని మనకి దక్కేది మహా అయితే 150.

మా గోదావరికీ ఇలాంటి పాత కొలతే ఉంది. కాటన్ ఆనకట్ట 1852లో, అడుగుల కాలంలో పూర్తయింది. 1956లో మెట్రిక్ చట్టం వచ్చినా, ధవళేశ్వరంలో వరదని ఇప్పటికీ క్యూసెక్కుల్లోనే, అంటే సెకనుకి ఘనపుటడుగుల్లోనే చెబుతారు. 10 లక్షలకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షలు వచ్చింది. 35.3తో భాగిస్తే దాదాపు లక్ష ఘనపు మీటర్లు.

లెక్క సరైనదే. కానీ లంకల్లో ఆ మాట విని ఎవరూ గొడ్లని విప్పరు. "పదమూడు దాటిందంట" అంటే చాలు, సామాన్లు అటకెక్కుతాయి.